తాలింపు వాసన పట్టిన మనిషి

1959 మార్చి 9, సోమవారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలు. నాలుగో తరగతి పిల్లల చేత ఎక్కాలు అప్పజెప్పించుకుంటున్నాను. పదమూడో ఎక్కం మధ్యలో రెండో వరసలో ఒక పిల్లవాడు పలక మీద తల ఆనించి పడుకున్నాడు. నిద్రపోతున్నాడనుకుని లేపబోయాను.

"ముట్టుకోకండి పంతులమ్మగారూ."

కిటికీ అవతల కుండలో నీళ్ళు పోస్తున్న మా బడి బంట్రోతు ఆ మాట అన్నాడు. లోపలికొచ్చి, పిల్లవాడి మెడ మీద వేళ్ళ వెనకవైపు ఆనించి చూశాడు. వాడి గడ్డం పట్టి, నోరు తెరిపించి, వెలుతురు వైపు తిప్పి నాలుక చూశాడు. ఇంకేమీ అడగలేదు. వాణ్ణి భుజాన వేసుకుని గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు.

"హాజరు పట్టీలో రాసుకోండి. మూడు వారాలు రాడు."

బుధవారానికి ఆ ఇంటి గుమ్మానికి వేపమండలు కట్టారు. ఊరికి అమ్మవారు వచ్చింది.

ఇదంతా ఇప్పుడు గుర్తు రావడానికి కారణం మా మనవరాలి ఫోను. పోయిన మంగళవారం పొద్దున తొమ్మిది నలభైకి ఆమె కూతురి బడి నుంచి సందేశం వచ్చింది. తరగతిలో ఇద్దరికి వైరస్ జ్వరం, పిల్లలకు మూతి గుడ్డ కట్టి పంపండి, జలుబుంటే పంపకండి అని. మనవరాలు ఒక చేత్తో డబ్బాలో ఉప్మా సర్దుతూ చూసి ఫోను పక్కన పెట్టేసింది.

"చదివావా?" అన్నాను.

"చూశాను అమ్మమ్మా. చూశానని వాళ్ళకీ తెలుస్తుంది, ఇదిగో నీలం గీతలు పడ్డాయి."

"అందులో ఏముంది?"

"ఏదో జ్వరం గురించి."

ఆ రోజు పిల్లవాణ్ణి భుజాన వేసుకెళ్ళిన బంట్రోతు ఉంటే ఆ సమాధానానికి గుమ్మం ముందు నుంచి కదిలేవాడు కాదు.

ఆయన పేరు నాకు తెలుసు కానీ రాయను. ఊళ్ళో ఎవరూ ఆయన్ని పేరుతో పిలవలేదు. పెద్దవాళ్ళకు గంట సాయిబు, పిల్లలకు గంట తాత. పెదకాకానికి నాలుగు మైళ్ళ దూరంలో ఎనిమిదో తరగతి దాకా ఉన్న బడి మాది. నా మొదటి ఉద్యోగం, నాకు ఇరవై ఏళ్ళు. ఆయనకు యాభై దాటి ఉంటాయి. పొడుగు మనిషి, కొంచెం వంగి నడిచేవాడు. మొహం నిండా స్ఫోటకపు గుంటలు. వాన పడితే నీళ్ళు నిలుస్తాయని తనే నవ్వేవాడు. వరండాలో వేలాడే రైలు పట్టా ముక్కే మా గంట. దాన్ని కొట్టే ముందు చేత్తో ఒకసారి నిమిరేవాడు. ఎందుకని అడిగితే, "నిద్దరలో ఉన్నదాన్ని ఒక్కసారిగా కొడితే ఉలిక్కిపడదూ?" అన్నాడు.

ఆయన్ని ఏ ఇంటికి కబురుతో పంపినా పద్ధతి ఒకటే. గుమ్మానికి మూడు అడుగుల దూరంలో ఆగి, రెండుసార్లు దగ్గి, పిల్లవాడి తండ్రి పేరు పెట్టి పిలిచేవాడు. కబురు చెప్పేవాడు. చెప్పాక వెళ్ళిపోయేవాడు కాదు.

"విన్నారుగా? ఏం విన్నారో చెప్పండి."

అవతలివాళ్ళు విసుక్కునేవారు. "చెవుడా మాకు?" అనేవారు. "చెవులు నాకు కనపడుతున్నాయమ్మా, విన్నది కనపడటం లేదు," అని నిలబడేవాడు. వాళ్ళు తిరిగి చెప్పేదాకా కదిలేవాడు కాదు. తప్పు చెబితే మొదటి నుంచి మళ్ళీ చెప్పేవాడు. ఫీజు కబురుకు నలభై నిమిషాలు పట్టించాడని మా హెడ్మాస్టరు ఆయన్ని తిట్టడం నేను మూడుసార్లు విన్నాను.

అమ్మవారు వచ్చిందని తేలాక హెడ్మాస్టరు గుంటూరుకు రాశారు. ఇరవయ్యో తారీఖు శుక్రవారం పొద్దున ఎనిమిదింటికి టీకాలు వేసే మనిషి వస్తాడని జవాబు వచ్చింది. ఇళ్ళకు తెలియజెయ్యాలి. రెండు వందల పద్నాలుగు మంది పిల్లలు, నూట ముప్పై ఒక్క ఇళ్ళు.

"రాతెందుకండీ, నేను పోయి చెప్పొస్తాను. నాలుగు రోజులు పట్టుద్ది, అంతేగా," అన్నాడాయన.

నేను ఒప్పుకోలేదు. నోటి మాటకు లెక్క ఉండదు, కాగితమైతే ఎన్ని రాశామో ఎన్ని ఇచ్చామో తెలుస్తుంది అన్నాను. ఉద్యోగంలో చేరి ఎనిమిది నెలలు. నా దస్తూరీ బాగుంటుందని హెడ్మాస్టరు మెచ్చుకుని ఉన్నారు.

"మీ ఇష్టం. కానీ కోరా కాగితం వాళ్ళు గుమ్మం దాటనీరండి. చావు కబురనుకుంటారు," అని ఆయన గంట దగ్గరకు వెళ్ళిపోయాడు.

ఆ మాట నిజమే. మా వైపు పెళ్ళి కబురు కాగితానికి నాలుగు మూలలా పసుపు రాస్తారు. పసుపు లేకుండా కాగితం వస్తే గుండె గుభేలుమంటుంది. శని, ఆదివారాలు కూర్చుని నూట ముప్పై ఒక్క కాగితాలు రాశాను. "మశూచికము వ్యాపించుచున్నందున" అని మొదలుపెట్టి, జబ్బు ఉన్న ఇంటి పిల్లలను పంపరాదని, మిగిలిన పిల్లలను శుక్రవారం టీకాలకు తీసుకురావలెనని, పదకొండు పంక్తులు. ఆదివారం సాయంత్రం గిన్నెలో పసుపు కలిపి ప్రతి కాగితానికీ నాలుగు మూలలా వేలితో అద్దాను. ఐదు వందల ఇరవై నాలుగు చుక్కలు. ఎంత తెలివిగా చేశానో అనుకున్నాను.

సోమవారం మొదటి గంటకే పిల్లల చేతికిచ్చి ఇళ్ళకు పంపాను. ఆ రోజు బడికి రాని ఒక ఆడపిల్ల కాగితం మిగిలి ఆయన కంట పడింది. మూలలు చూశాడు.

"పసుపు ఎవరు పెట్టారండీ?"

"నేనే. మీరే అన్నారుగా, కోరా కాగితం రానీరని."

"ఇది శుభలేఖ అయిందండీ."

"చదువుకుంటారుగా!"

"చదివేవాళ్ళకి పసుపెందుకండీ?"

ఆయన వెంటనే హెడ్మాస్టరు దగ్గరకు వెళ్ళి, ఇంటింటికీ తిరిగి నోటితో చెప్పి వస్తానన్నాడు. "కాగితం పోయిందిగా, మళ్ళీ నోటి మాటెందుకయ్యా? గంట ఎవడు కొడతాడు?" అన్నారు హెడ్మాస్టరు. నేను అక్కడే ఉన్నాను. నోరు విప్పలేదు. నా కాగితాల మీద నాకు నమ్మకం.

శుక్రవారం పొద్దున టీకాల మనిషిని బస్సు దగ్గర కలిసి పెట్టె మోసుకురావడానికి ఆయన రోడ్డు మీదకు వెళ్ళాడు. ఏడున్నరకు నేను బడికి వచ్చేసరికి ఆవరణ నిండా ఆడవాళ్ళు. తలంట్లు పోసుకుని, ఉతికిన చీరలు కట్టి, నెత్తిన పెరుగన్నం కుండలు, చేతుల్లో వేపమండలు. ఎవరో డప్పు కూడా పిలిపించారు. పసుపు మూలల కాగితం, శుక్రవారం, ఊళ్ళో అమ్మవారు. ఈ మూడూ కలిపి వాళ్ళు చదువుకున్నది ఒకటే, బడి దగ్గర తల్లికి నైవేద్యం పెడుతున్నారని. చదవగలిగిన ఇళ్ళు ఉన్నాయి. కానీ శుభలేఖలో ఎవరైనా పదకొండో పంక్తి దాకా చదువుతారా?

పడుకున్న ఆ నాలుగో తరగతి పిల్లవాణ్ణి కూడా తీసుకొచ్చారు. తడిగుడ్డ కప్పి వరండాలో చాప మీద పడుకోబెట్టారు. ఒళ్ళంతా పొక్కులు పెచ్చు కడుతున్నాయి. తల్లి వాడి ఒంటి మీద ఉందని ఒక్కొక్కరే తమ పిల్లల్ని తీసుకొచ్చి వాడి కాళ్ళకు మొక్కిస్తున్నారు. నేను అరిచాను. డప్పులో నా గొంతు నాకే వినపడలేదు. హెడ్మాస్టరు వచ్చి బెత్తం ఎత్తితే, "అమ్మ ముందు బెత్తమా!" అని ఒక ముసలామె ఆయన చెయ్యి పట్టుకుంది.

ఎనిమిదీ పదికి గంట సాయిబు వచ్చాడు. ఆవరణ బయటే పెట్టె దింపాడు. ఒక్క చూపులో అంతా అర్థమైంది. అరవలేదు. చెప్పులు విడిచి, జనం మధ్య నుంచి నడిచి, చాప దగ్గర ఆగి రెండు చేతులూ జోడించాడు. డప్పు ఆగింది.

"అమ్మగారు అలిసిపోయారు. పొద్దుటి నుంచి కూర్చోబెట్టారు. ఇంటికి తీసుకుపోతన్నా, దారివ్వండి."

పిల్లవాణ్ణి గుడ్డతో సహా ఎత్తుకుని వెళ్ళిపోయాడు. జనం నిజంగానే దారిచ్చారు. నలభై నిమిషాలు నేను చెయ్యలేని పని ఆయన మూడు మాటల్లో చేశాడు. కానీ ఆ నలభై నిమిషాలు జరిగిపోయాయి.

తరువాత టీకాల మనిషి పెట్టె తెరిచాడు. సూది చూడగానే గోల. నేను జాకెట్టు చెయ్యి పైకి మడిచి అందరి ముందు మొదట వేయించుకున్నాను. ఆ మచ్చ ఇప్పటికీ నా ఎడమ భుజాన ఉంది. ఆ రోజు వచ్చిన పిల్లలు నూట ఆరుగురు. వేయించుకున్నవాళ్ళు అరవై నలుగురు. తల్లుల చంకలెక్కి పారిపోయినవాళ్ళు నలభై ఇద్దరు.

ఆ మధ్యాహ్నం ఆయన నాతో పసుపు సంగతి ఎత్తలేదు. "ఆ నలభై రెండు పేర్లూ చదవండి," అన్నాడు. చదివాను. "మళ్ళీ." మళ్ళీ చదివాను. మూడోసారి ఆయనే నాకు అప్పజెప్పాడు, ఒక్కటీ తప్పలేదు.

హెడ్మాస్టరు ఇక అడ్డు చెప్పలేదు. ఆ రోజు నుంచి మధ్యాహ్నం పన్నెండు గంట కొట్టగానే ఆయన ఊరి మీదకు వెళ్ళేవాడు, ఒంటిగంట కొట్టడానికి తిరిగొచ్చేవాడు. రంజాను నెల. మంచినీళ్ళు కూడా ముట్టకుండా ఆ ఎండలో తిరిగేవాడు. ఎందుకు పన్నెండింటికే అని నేను అడిగాను.

"వంటలయ్యే వేళ గదండీ. అమ్మగారు ఉన్న ఇంట్లో తాలింపు వెయ్యరు. ఆవిడకి ఆ ఘాటు పడదంటారు. గుమ్మానికి మండ కట్టకపోయినా, నోటితో చెప్పకపోయినా, పొయ్యి మాత్రం దాచలేదు. వరసగా రెండు రోజులు తాలింపు వాసన రాని ఇల్లుంటే అక్కడ ఆగుతా."

ఒకటి రెండుసార్లు ఆయన వెంట నేనూ వెళ్ళాను. ఉపవాసం ఉన్న మనిషి ముక్కు ఎంత పదునో అప్పుడు చూశాను. వీధి మొదట్లో నిలబడి, ఇది ఇంగువ, ఇది వెల్లుల్లి, ఈ ఇంట్లో మినప్పప్పు మాడింది అని చెప్పేవాడు. ఆడవాళ్ళు వాకిట్లో నుంచి వేళాకోళం చేసేవారు.

"ఏం సాయిబూ, మా పప్పు వాసనకి నీ రోజా చెడిపోద్దేమో!"

"వాసన చూస్తే చెడదమ్మా, పెడితే చెడుద్ది. సాయంత్రం వస్తా, ఉంచు."

వాసన లేని ఇంటి ముందు మాత్రం నవ్వు ఆగిపోయేది. మండుతున్న ఇసుకలో చెప్పులు విడిచేవాడు. జబ్బు పేరు ఎన్నడూ ఎత్తలేదు. "అమ్మగారు దిగారు గదా," అని మొదలుపెట్టేవాడు. పరాయివాళ్ళను రానివ్వొద్దు, ఆవిడకు పడదు. బిడ్డ బట్టలు చాకలికి వెయ్యొద్దు, ఇంట్లోనే ఉడకబెట్టండి. రాలిన పెచ్చులు ఊడ్చి పొయ్యిలో వెయ్యండి. మిగతా పిల్లలకు రేపే టీకా వేయించండి, ఆ సూది కూడా ఆవిడదే. చివర ఎప్పుడూ ఉండేదే. "విన్నారుగా? ఏం విన్నారో చెప్పండి."

"నువ్వు సాయిబువి, నీకు చెప్పులు విడవడమెందుకయ్యా?" అని హెడ్మాస్టరు ఒకసారి నవ్వారు.

"ఇంటికొచ్చిన పెద్దావిడ ఎవరికైనా పెద్దావిడేనండి."

ఏప్రిల్ మొదటి వారంలో, అంటుకున్న పన్నెండు రోజులకు బయటపడుతుందని నేను లెక్కవేసి భయపడుతున్న రోజులకే, పారిపోయిన నలభై రెండు మందిలో ఏడుగురికి పోసిందని తేలింది. ఏడు ఇళ్ళూ ఆయన ముక్కే పట్టుకుంది. ప్రతిసారీ ఒకటి రెండు రోజుల్లోనే టీకాల మనిషికి కబురు వెళ్ళింది. ఆ ఏడు ఇళ్ళలో అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్ళకూ ఎవరికీ అంటుకోలేదు. పోసిన ఏడుగురిలో ఇద్దరు మాత్రం దక్కలేదు.

ఏడో తారీఖు, మంగళవారం. ఒంటిగంటకు గంట వినపడలేదు. వరండాలోకి వస్తే ఆయన గంట కింద మెట్టు మీద కూర్చుని ఉన్నాడు.

"ఒంటిగంట దాటింది సాయిబుగారూ, గంట?"

"పంతులమ్మగారూ, కల్లానికి కూలికి పోయే మనిషి మధ్యాహ్నం పూట తాలింపు ఎవరికి వేస్తదండీ?"

ఆ నలభై రెండు పేర్లలో ఒకటైన మూడో తరగతి కోటేశ్వరి వాళ్ళ ఇంటి గురించి ఆయన అంటున్నది. ఆమె తల్లి వెంకాయమ్మ భర్త పోయిన మనిషి. ఇద్దరు ఆడపిల్లలు, కోటేశ్వరి, రెండేళ్ళ చిట్టి. మిరపకాయలు కోతకొచ్చి, కల్లాల్లో ఎండబోసే రోజులవి. తెల్లవారుజామునే అన్నం వండి మూటకట్టుకుని కల్లానికి పోయేవాళ్ళు సాయంత్రం దాకా పొయ్యి ముట్టించరు. అలాంటి ఇంట్లో నాలుగు రోజులుగా సరిగ్గా పన్నెండింటికి ఎండుమిరప తాలింపు వాసన, వీధి చివరికి దగ్గు వచ్చేటంత ఘాటుగా. నాలుగు రోజులూ ఆయన ఆ గుమ్మం ముందు ఆగి, వాసన బాగానే ఉందని ముందుకు వెళ్ళిపోయాడు.

ఇద్దరం వెళ్ళాం. గుమ్మానికి మండలు లేవు. వెంకాయమ్మ తలుపు సగం తీసి అడ్డం నిలబడింది.

"పిల్ల బళ్ళోకి రావటం లేదని వచ్చారా? చీరాల పంపించా, మా అక్క దగ్గరికి."

"అట్టాగా," అన్నాడాయన.

"పనుంది సాయిబూ, పో."

 వంగి చెప్పులు విడిచాడు. రెండూ జతగా పక్కన పెట్టి, ఆ ఇసుకలో నిలబడి చేతులు జోడించాడు.

వెంకాయమ్మ ఆ చెప్పుల వంక చూసింది. తలుపు వదిలేసి గుమ్మంలోనే కూలబడింది.

"తెలిస్తే కల్లానికి రానీరు సాయిబూ! కాయలకి తల్లి అంటుద్దని తరిమేస్తారు. ఈ నెల కూలి పోతే ఏం తినాల? నువ్వు పొయ్యి వాసన చూస్తన్నావని ఊరంతా చెప్పుకుంటంటే... రోజూ పనిలోంచి పరిగెత్తుకొచ్చి వేశా. ఆ తల్లి మొహాన మిరపకాయ తాలింపు వేశా!"

లోపల కోటేశ్వరి నులక మంచం మీద ఉంది. అదే మంచం మీద, అక్క పక్కన, చిట్టి నిద్రపోతోంది.

ఆయన ఆ మధ్యాహ్నమే నడిచి రోడ్డెక్కి, బస్సు పట్టుకుని గుంటూరు వెళ్ళాడు. ఉపవాసం విడిచే వేళకు కూడా దారిలోనే ఉన్నాడు. టీకాల మనిషి వేరే ఊళ్ళో ఉన్నాడు. తొమ్మిదో తారీఖు గురువారం పొద్దున గానీ దొరకలేదు. చిట్టికి వేశారు. అక్కకు పొక్కు వచ్చిన నాలుగు రోజుల లోపు వేస్తే పని చేస్తుందని, ఇది ఏడో రోజని ఆ మనిషి నాతో చెప్పాడు. ఆయనతో చెప్పలేదు. ఆయన అడగలేదు.

కోటేశ్వరి బతికింది. చిట్టి ఏప్రిల్ 26, ఆదివారం పోయింది.

పదిహేను రోజులకు మేము ఆ ఇంటికి వెళ్ళాం. వెంకాయమ్మ మాతో ఒక్కటే మాట అంది. "నా తాలింపే తినేసింది దాన్ని."

ఆయన మొదటిసారి గుమ్మానికి దగ్గరగా జరిగి కింద కూర్చున్నాడు. తన మొహం మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"ఇటు చూడమ్మా. నాకిది పోసినప్పుడు మా అమ్మ నలభై రోజులు పొయ్యి మీద మూకుడు పెట్టలేదంట. ఉప్పు కూడా వెయ్యలేదంట. మా తమ్ముళ్ళిద్దరూ పోయారు. ఆవిడ చచ్చేదాకా ఏం తప్పు చేశానో అని వెతుక్కుంది. నువ్వు వెతుక్కోబాక. తాలింపు వేసినందుకు కాదు. సూది ఆలస్యమయింది, అంతే. విన్నావుగా?"

ఆమె తల ఊపింది.

"ఏం విన్నావో చెప్పు."

 ఆయన కూర్చునే ఉన్నాడు. ఎండ గుమ్మం దాకా వచ్చింది. చివరికి, "సూది ఆలస్యమయింది," అంది. "ఇంకోసారి," అన్నాడు. ఇంకోసారి అంది. అప్పుడు లేచాడు.

సెలవులకు మా ఊరు వెళ్ళే ముందు నేను నా నోటుపుస్తకం ఆయనకు చదివి వినిపించాను. ఎవరికి ఏ రోజు పోసింది, ఎవరు ఏ రోజు పోయారు. చివరి పేజీలో నా పేరు రాసి దాని కింద మూడు అని వేసుకున్నాను. నేను పసుపు పెట్టకపోతే ఆ శుక్రవారం లేదు, ఆ శుక్రవారం లేకపోతే ఈ మూడూ లేవు.

ఆయన గంట నిమురుతూ విన్నాడు. నీ తప్పేం లేదని అనలేదు. అలా అని ఉంటే నేను నమ్మేదాన్ని కాదు.

"రెండండి," అన్నాడు.

"మూడు సాయిబుగారూ. చిట్టితో మూడు."

"చిట్టి నాది. మీ పసుపు ఆ పిల్ల అక్క దాకానే వచ్చింది. ఆ తర్వాత నాలుగు రోజులు గుమ్మం ముందు నిలబడ్డది నేను. కూలికి పోయే ఇంట్లో మధ్యాహ్నం తాలింపేందని నాలుగు రోజులు తట్టలేదు నాకు. ఆకలి మీద ఉన్నానేమో, వాసన బాగుందనుకుని పోయా. ఆ ఒకటి మీ కింద వెయ్యకండి."

నేను నోటుపుస్తకంలోకి చూశాను.

"విన్నారుగా పంతులమ్మగారూ? ఏం విన్నారో చెప్పండి."

"రెండు నా కింద. ఒకటి మీ కింద," అన్నాను. అప్పుడు ఒంటిగంట గంట కొట్టాడు.

ఆ తరువాత ఆరేళ్ళు ఆ బడిలో పని చేశాను. నా చేత్తో రాసిన కాగితం ఏ ఇంటికీ ఒంటరిగా వెళ్ళలేదు. ఆయన వెంట వెళ్ళేవాడు, లేదా నేను. 1965లో నాకు బదిలీ అయింది. రెండేళ్ళకు ఆయన పోయాడని ఎవరో కార్డు రాశారు. మూలల్లో పసుపు లేదు. చదివాక చింపెయ్యాలంటారు. చింపలేదు, నోటుపుస్తకంలో పెట్టాను.

ఆ పుస్తకం నిన్న తీశాను. చివరి పేజీ ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

పోసినవాళ్ళు పదిమంది. మొదటి పిల్లవాడు ఒకడు, శుక్రవారం వల్ల ఎనిమిది మంది, ఇంట్లో అంటుకున్నది ఒకరు.

బడి జరగని రోజులు పదిహేడు.

కోటేశ్వరి ఎడమ కన్ను.

వెంకాయమ్మ కల్లం కూలి, ఆ పంటంతా.

చనిపోయిన పిల్లలు: నా కింద ఇద్దరు, ఆయన కింద ఒకరు. మొత్తం ముగ్గురు.